వాటా మనదైతే వాగు కూడా మనదే

అమెరికాలో, న్యూజెర్సీలోని మా ఫార్మసీలో మాత్రలను నీలిరంగు పళ్లెంలో పోసి, చదునైన చిన్న గరిటెతో ఐదేసి చొప్పున పక్కకు జరుపుతూ లెక్కపెడతాం. ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పని. కన్ను ఎటు చూస్తున్నా చెయ్యి లెక్క తప్పదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ సీసా తీసినప్పుడు మాత్రం నేను ఒక్క క్షణం ఆగుతాను. సీసాకు అంటించిన కాగితం మీద, చిన్న అక్షరాల్లో, మందు తయారైన దేశం పేరు ఉంటుంది. చాలాసార్లు అది మన భారతదేశమే. ఆ అక్షరాలు చూడగానే నాకు ఒక వాగు గుర్తుకొస్తుంది.

నేను పుట్టి పెరిగింది పాత మెదక్ జిల్లాలో. మాకు హైదరాబాదు బస్సు పటాన్‌చెరు మీదుగానే వెళ్లేది. ఊరి పేరులోనే చెరువు ఉంది. బస్సు ఆ దరిదాపుల్లోకి రాగానే అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, ముందు సీట్లో వాళ్లు కిటికీ దించేసేవారు. 1970లలో అక్కడ పారిశ్రామిక వాడ వెలిసింది. రసాయనాల, మందుల కర్మాగారాల నీళ్లు ఇసుకవాగు, నక్కవాగుల్లోకి చేరాయి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో కలుస్తుంది. పొలాలు, బావులు పాడైపోయాయని ఆ ఊళ్ల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. పటాన్‌చెరు దగ్గరి ఉమ్మడి కేంద్రం అప్పట్లో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసేది. శుద్ధి అయిపోయి బయటికి వస్తున్న నీటిని వాళ్లు పరీక్షించారు. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కన్నా అది ఎక్కువ. మందు కలిసిన నీటిలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవులు రేపు ఆ మందుకు లొంగవు. అంటే ఇక్కడ నేను లెక్కపెట్టి ఇస్తున్న మాత్ర బలాన్ని, అది పుట్టిన చోటే వాగులో పారబోస్తున్నామన్న మాట. మందులు తయారుచేసే వ్యాపారానికి ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది? అయినా ఏ కంపెనీ లాభనష్టాల పట్టికలోనూ ఆ నష్టానికి ఒక వరుస లేదు.

చట్టం చూసుకుంటుందని చాలామంది అంటారు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కర్మాగారాల నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా ప్రకటించింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. చట్టం కావాలి, దానికోసం పోరాడాలి. కానీ నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరు. ఆ కర్మాగారాల యజమాని ఎవరు?

వాటిలో కొన్నింటికి నేను కూడా యజమానినే. నా చదువు పూర్తయిన ఏడాది నాన్న నా పేరున ఒక మందుల కంపెనీ వాటాలు కొన్నారు. రిటైర్మెంటు కోసం ఇక్కడ నెలనెలా దాచుకునే డబ్బు ఏయే కంపెనీల్లోకి వెళుతోందో నేను పూర్తిగా చదివింది కూడా లేదు. ఈ పత్రిక చదివే ఇళ్లలో సగానికి సగం మంది పరిస్థితి ఇదే అనుకుంటాను. మనం దూరపు యజమానులం. మనకు డివిడెండు చేరుతుంది, వాసన చేరదు. పటాన్‌చెరు నీళ్లు తాగాల్సిన అవసరం మనకు లేదు.

వ్యాపారానికి లాభం తప్ప మరో బాధ్యత లేదని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో రాసిన వ్యాసం ఈ దేశంలో రెండు తరాల మేనేజర్లకు పాఠమైంది. 2019లో 181 మంది అమెరికన్ కంపెనీల అధిపతులు ఉద్యోగులకు, ఊళ్లకు, పర్యావరణానికి కూడా తాము జవాబుదారీ అంటూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. మంచిదే. కానీ యజమానులు అలాగే ఉన్నారు, మూడు నెలలకోసారి వాళ్లు చూసే అంకె కూడా అలాగే ఉంది. యాజమాన్యాన్ని ముట్టుకోకుండా కంపెనీ ఉద్దేశం గురించి ఎంత మాట్లాడినా గట్టు వేయని చెరువులో నీళ్లు నిలవవు.

యాజమాన్యాన్నే మార్చినవాళ్లు ఉన్నారు. నాకు అందరికన్నా దగ్గరగా అనిపించే మనిషి జర్మనీకి చెందిన ఎర్న్‌స్ట్ ఆబే. ఆయన తండ్రి నూలు మిల్లులో పనివాడు. రోజుకు 14 గంటలు, ఒక్కోసారి 16 గంటలు నిలబడే పని. చిన్నప్పుడు ఆబే మధ్యాహ్నం గిన్నెలో భోజనం పట్టుకుని మిల్లుకు వెళ్లేవాడు. తండ్రి యంత్రానికి ఆనుకునో, పెట్టె మీద కూర్చునో గబగబా తినేసి, గిన్నె కొడుకు చేతికిచ్చి మళ్లీ పనిలో పడేవాడు. ఆ పిల్లవాడు పెద్దయి భౌతిక శాస్త్రవేత్త అయ్యాడు. యేనా నగరంలో కార్ల్ జైస్ స్థాపించిన మైక్రోస్కోపుల కంపెనీలో భాగస్వామి అయ్యాడు. జైస్ 1888లో చనిపోయాడు. మరుసటి ఏడాదే ఆబే తన భాగస్వామి పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టి, 1891లో తన వాటా దానికి రాసిచ్చేశాడు. 1896లో నియమావళి రాశాడు. అధికారుల జీతానికి కూడా కార్మికుల సగటు సంపాదనతో ముడిపెట్టి పై హద్దు గీశాడు. 1900లో పని గంటలు ఎనిమిది చేశాడు. తండ్రి గిన్నె ఆయన మరచిపోలేదని నాకనిపిస్తుంది.

జైస్ ఇప్పటికీ ఆ ఫౌండేషన్ చేతిలోనే ఉంది. కంపెనీ వాటాలు అమ్ముకునే హక్కు ఆ ఫౌండేషన్‌కు లేదు. అమ్మలేనప్పుడు రేపటి ధర గురించి ఆలోచించడం మాని, ముప్పై ఏళ్ల తర్వాత ఏం మిగులుతుందని ఆలోచించక తప్పదు. ఇలాంటి కంపెనీలు పోటీలో నిలబడవనే వాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఈనాడు అత్యంత సూక్ష్మమైన కంప్యూటర్ చిప్‌లను కాంతితో చెక్కే యంత్రాల్లోని అద్దాలు జైస్‌వే. మన పిల్లల్లో సగం మందికి అన్నం పెడుతున్న రంగం ఆ అద్దాల మీద నడుస్తోంది.

అలాగని ఫౌండేషన్ పెట్టేస్తే అంతా మంచే జరుగుతుందని నేను చెప్పను. నాజీల కాలంలో ఇదే జైస్ కర్మాగారాల్లో బందీలతో వెట్టిచాకిరీ చేయించారు. నియమావళి ఎంత గొప్పదైనా దాన్ని కాపాడే మనుషులు కావాలి.

కొండలెక్కేవాళ్ల బట్టలు అమ్మే అమెరికన్ కంపెనీ పెటగోనియా కథ చాలామందికి తెలిసిందే. వ్యవస్థాపకుడు ఇవాన్ షునార్డ్ మొదట్లో కొలిమి పెట్టుకుని కొండలెక్కేవాళ్ల కోసం ఇనుప మేకులు కొట్టేవాడు. ఆ మేకులు కాలిఫోర్నియాలోని యోసెమిటీ రాళ్లను చీలుస్తున్నాయని గమనించి, వ్యాపారంలో సింహభాగం వాటిదే అయినా 1972 నాటికి వాటిని వదులుకోవడం మొదలుపెట్టాడు. 2022 సెప్టెంబరులో ఆయన కుటుంబం సుమారు 300 కోట్ల డాలర్ల విలువైన కంపెనీని వదులుకుంది. ఓటు హక్కున్న 2 శాతం వాటా ఒక ట్రస్టుకు, ఓటు లేని 98 శాతం పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు వెళ్లాయి. పెద్ద పన్ను తప్పించుకున్నారనే విమర్శ వచ్చింది. ఆ ట్రస్టు మీద కుటుంబం పట్టు పోలేదని కూడా అన్నారు. రెండూ కొట్టిపారేయదగ్గ మాటలు కావు. అయినా ఒక్కటి నిజం. రేపు ఎవరో ఎక్కువ ధర ఇస్తామని వచ్చి ఆ కంపెనీని కొని, దాని ఉద్దేశాన్ని గాలికి వదిలేయడం ఇక సాధ్యం కాదు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. మన తెలంగాణలోని ముల్కనూరులో 1956 నుంచి రైతుల సహకార గ్రామీణ బ్యాంకు నడుస్తోంది. అదే ఊరి చుట్టుపక్కల మహిళలు పరస్పర సహాయ సహకార చట్టం కింద స్వకృషి డైరీ నడుపుతున్నారు. పొద్దున్నే పాలు పోయడానికి క్యాను పట్టుకుని వచ్చే మనిషే అక్కడ యజమాని. ఆమె గేదె తాగేదీ, ఆమె పిల్లలు తాగేదీ ఆ ఊరి నీళ్లే. యజమానికి, వాగుకు మధ్య దూరం లేదు. ఆబే నియమావళితో చేసింది, ముల్కనూరు మహిళలు పక్కనే బతుకుతూ చేస్తున్నది ఒకటే పని. ఆ దూరాన్ని తగ్గించడం.

మన తెలుగు సంఘంలో సొంత కంపెనీలు పెట్టిన అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. రెండు కంప్యూటర్లతో ఇంటి కింది గదిలో మొదలుపెట్టి వందల మందికి జీతాలిచ్చే స్థాయికి తెచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. పిల్లలు వేరే దారుల్లో ఉన్నారు. ఎవరిని కదిలించినా, ఎవరికి అమ్మాలి, ఎంతకు అమ్మాలి అనే మాటే. మూడో దారి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగులకే కంపెనీని కట్టబెట్టే పథకాలకు ఈ దేశంలో 1974 నుంచి చట్టం ఉంది. ఓరెగాన్‌లో పిండి మిల్లు నడిపిన బాబ్ మూర్ 2010లో తన 81వ పుట్టినరోజున ఆ దారి పట్టాడు. పదేళ్లలో కంపెనీ పూర్తిగా పనివాళ్లదైంది. తరవాతి మహాసభల వ్యాపార వేదికలో పెట్టుబడి ఎలా తేవాలి అనే చర్చల మధ్య ఒక్క గంట దీనికి కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఇద్దరు న్యాయవాదులను పిలిస్తే చాలు.

కంపెనీలు లేని నాలాంటివాళ్లు ఏం చేయాలి? నాన్న కొన్న వాటాల కంపెనీ నుంచి ఏటా వార్షిక నివేదిక, ఓటు వేయమనే ఈమెయిలు వస్తాయి. పదిహేనేళ్లు తెరవకుండానే చెరిపేశాను. పోయినేడు తెరిచాను. వాటాదారుల సమావేశాలు ఇప్పుడు వీడియోలో జరుగుతున్నాయి, ముందుగా పేరు నమోదు చేసుకుంటే మాట్లాడే అవకాశం కూడా ఇస్తారు. ఆగస్టులో, ఇండియాలో మధ్యాహ్నం మూడు, న్యూజెర్సీలో తెల్లవారుజామున ఐదున్నర. వంటింటి బల్ల ముందు కూర్చుని నా వంతు కోసం గంటన్నర ఎదురుచూశాను. ముందు మాట్లాడినవాళ్లు డివిడెండు పెంచమన్నారు, బోనస్ వాటాలు ఇవ్వమన్నారు. నేను ఒక్కటే అడిగాను. మీ ప్లాంటు గేటు దాటే నీటిలో లీటరుకు ఎంత మందు మిగులుతోంది, ఆ అంకెను వార్షిక నివేదికలో అచ్చు వేస్తారా? రాతపూర్వకంగా జవాబిస్తామని అధ్యక్షుడు మర్యాదగా చెప్పారు. ఆ జవాబు ఇంకా రాలేదు.

ఈ ఏడు మళ్లీ పేరు ఇచ్చాను. మా ఊరి తెలుగువాళ్లలో ఆ కంపెనీ వాటాలున్న మరో ఇద్దరు కూడా ఇచ్చారు. అదే ప్రశ్న ముగ్గురం అడుగుతాం.