సగం బొంతల సంరక్షణార్థం

మా విశాఖలో ఎర్రమట్టి దిబ్బల కోసం గొంతెత్తేవాళ్ళున్నారు. తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లకు కాపలా కాసేవాళ్ళున్నారు. మంచిదే. కానీ ఎంవీపీ కాలనీలో, మా బీరువా కింది అరలో సగం కుట్టి వదిలేసిన పదకొండు బొంతల గురించి మాట్లాడే నాథుడు లేడు. అందుకని నేనే మాట్లాడుతున్నాను.

అందులో నాలుగు టేబుల్ మ్యాట్లు, రెండు కుషన్ గలీబులు, ఒక రిమోట్ సంచి. మూడు ఏమిటో నాకే గుర్తు లేదు. పదకొండోది మా మరిది కూతురు పుట్టకముందు మొదలుపెట్టిన పసిపిల్లల బొంత. ఆ పాప ఇప్పుడు యూకేజీ. ఇంట్లోవాళ్ళు దీన్నంతా చెత్త అంటున్నారు. నిజానికి అదొక శిక్షణా సంస్థ.

నేను ఫ్రీ మోషన్ క్విల్టింగ్ నేర్చుకుంటున్నాను, అంటే గుడ్డ పొరలను కలిపి మిషన్ మీద బొంతలా కుట్టే ఒక పద్ధతి. మామూలుగా కుట్టేటప్పుడు సూది కింద పళ్ళు గుడ్డను పట్టి వెనక్కి నడిపిస్తాయి. ఈ విద్యలో ఆ పళ్ళను దించేసి, గుడ్డ మీద ఎగిరెగిరి పడే చిన్న పాదం బిగిస్తారు. ఇక గుడ్డను ఎటు తిప్పితే అటు కుట్టు. స్వేచ్ఛ! అది వచ్చిన పది నిమిషాల్లో రెండు 14 నంబరు సూదులు విరగ్గొట్టాను. పళ్ళున్నన్నాళ్ళూ కుట్టు వంకరపోతే తప్పు మిషన్‌ది. దించాక తిట్టుకోవడానికి ఎవరూ మిగలరు. ఈ లోపం గురించి మిషన్లు చేసేవాళ్ళు ఆలోచించాలి.

కుట్టు పొడవు సంగతి కాలూ చెయ్యీ మాట్లాడుకుని తేల్చుకోవాలి. చెయ్యి పరిగెత్తి కాలు వెనకబడిందా, ఒక్కో కుట్టు సిరిపురం నుంచి మద్దిలపాలెం దాకా సాగుతుంది. మొదట నేర్పేది స్టిప్లింగ్: ఒకే గీత మెలికలు తిరుగుతూ గుడ్డంతా నింపాలి, ఎక్కడా తన దారికి తానే అడ్డం రాకూడదు. జగదాంబ జంక్షన్‌లో బండి నడిపి పెద్దదాన్నయ్యాను. అడ్డం రాకుండా వెళ్ళడం నాకెలా వస్తుంది?

మొదటి మ్యాట్ పైకి బ్రహ్మాండంగా వచ్చింది. తిరగేస్తే సేమ్యా. దారం టెన్షన్ సరిగ్గా లేదని రోజంతా మర తిప్పాను, దారానికి తగ్గని టెన్షన్ నాకు పెరిగింది. చివరికి తేలిందేమిటంటే, పాదం మీట దించడం మరిచాను. అది పైకి ఉన్నంతసేపూ దారాన్ని నొక్కిపట్టే బిళ్ళలు వదులుగానే ఉంటాయి, మర ఎటు తిప్పినా ఒకటే. అప్పుడే అత్తగారు వచ్చారు.

"ఏటమ్మా ఇది? గుడ్డ మీద వానపాములు పాకినట్టు?"

"ఫ్రీ మోషన్ అత్తయ్యా."

"మోషన్సా? పొద్దున్నే సెప్పొద్దేటి? ఉండు, ఉప్పేసి మజ్జిగిస్తాను."

ఆవిడ పాత చీరలు పొరలుగా పరిచి, చేత్తో కుట్టిన బొంతల మీదే మా ఆయన పెరిగారు. ఒక్కటీ సగంలో వదల్లేదట. అందుకే ఆవిడకు సాధన చేయడానికి ఏమీ మిగల్లేదు, పాపం.

కొత్త గుడ్డ మీద నాకు చెయ్యి ఆడదు. మంచమంత బొంత మీద నేర్చుకుందామంటే, దాన్ని చుట్ట చుట్టి మిషన్ చెయ్యి కింద దూర్చాలి, కిందికి వేలాడే బరువు సూదిని లాగేస్తుంది. అదే సగంలో వదిలేసిన జానెడు ముక్కయితే పాడైనా పోయేది జానెడే. పైగా దాని మీద ఎవరికీ ఆశల్లేవు. ముఖ్యంగా నాకు.

కనుక విశాఖ ప్రజలకు నా విన్నపం: మొదలుపెట్టినవి తొందరపడి పూర్తి చెయ్యకండి. మనకు అలవాటు లేనిదేం కాదు. ఇక్కడ మెట్రో సాధ్యమో కాదో ఏడాదిలో పరిశీలించమని 2014 విభజన చట్టంలోనే రాశారు. ఊరు ఊరంతా ఇంత ఓపిక పట్టాక, రిమోట్ సంచి కోసం మా ఆయన ఏడాదిన్నర ఆగలేరా?

ఇప్పుడొక చిక్కు వచ్చింది. సాధన జోరందుకుని ఎనిమిది ముక్కలు మెలికలతో నిండిపోయాయి. అంచు పట్టీ వెయ్యలేదు గనక చట్టప్రకారం అవి సగమే, కానీ ఇంకో మెలిక పెట్టడానికి చోటు లేదు. అందుకని, సగంలో ఆపాలనే స్పష్టమైన ఉద్దేశంతో వన్‌టౌన్ వెళ్ళి ఆరు మీటర్ల గుడ్డ తెచ్చాను. మా ఆయన బిల్లు చూసి, "ఇదంతా పూర్తి చేస్తావా?" అన్నారు.

"అంత మాట అనకండి," అన్నాను.

నిన్న వంటింట్లోకి వెళ్తే అత్తగారు అట్లపెనం దించుతున్నారు, నా మూడో నంబరు మ్యాట్‌తో. లోపల పాలిస్టర్ కాకుండా దూది పొర పెట్టాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ వేడికి కరిగి చేతికి అంటుకునేది.

"అత్తయ్యా, దానికింకా పట్టీ కుట్టలేదు!"

"సెయ్యి కాల్లేదు కదమ్మా," అని దాన్ని పొయ్యి పక్క మేకుకు తగిలించారు.

అంటే నా ప్రమేయం లేకుండా ఒకటి పూర్తయిపోయింది. అరలో పదే మిగిలాయి. లోటు భర్తీకి సాయంత్రమే ఇంకొకటి కత్తిరించి పెట్టాను.