గాలియాని గెంటేసి ఏం సాధించారు?

రగ్బీ మనకి పెద్దగా పట్టదు. అందులో 15 మంది ఆడే యూనియన్, 13 మంది ఆడే లీగ్ అని రెండు వేరువేరు ఆటలున్నాయని కూడా చాలామందికి తెలియదు. 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు, మ్యాచ్ కోసం పని మానుకున్న కార్మికులకి పోయిన కూలి ఇస్తామంటే పెద్దలు ఒప్పుకోలేదు, దాంతో విడిపోయి లీగ్ పెట్టుకున్నాయి. ఫ్రాన్స్‌కి ఆ గొడవ దాదాపు నలభై ఏళ్లు ఆలస్యంగా చేరింది. చేర్చినవాడు జాన్ గాలియా.

గాలియా యూనియన్‌లో ఫ్రాన్స్‌కి ఆడిన ఫార్వర్డ్, బాక్సర్ కూడా. కియాన్ అనే చిన్న ఊరి జట్టులో ఉండేవాడు. అక్కడి టోపీల ఫ్యాక్టరీ యజమాని జాన్ బూరెల్ డబ్బు పెట్టి ఎక్కడెక్కడి ఆటగాళ్లనో పోగేశాడు, ఆ జట్టు 1928 నుంచి వరసగా మూడు ఫైనల్స్ ఆడి 1929లో గెలిచింది కూడా. వాళ్లెవరూ ఊరికే ఆడటం లేదని ఊరందరికీ తెలుసు. 1931లో బ్రిటిష్ సంఘాలు, మీ దగ్గర దొంగచాటు జీతాలు, మైదానంలో కొట్లాటలు ఎక్కువయ్యాయని ఫ్రాన్స్‌తో ఆడటమే మానేశాయి. అప్పుడు ఫ్రెంచ్ సమాఖ్యకి తన శుభ్రత చూపించుకోవాల్సిన అవసరం వచ్చింది. వేటు గాలియా మీద పడింది. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు, వీళ్లకి తమ నలుపు బాగానే తెలుసు, పక్కవాడికి పూశారంతే.

ఇక్కడే అసలు గాలియా బయటికొచ్చాడు. 1933 డిసెంబర్ 31న పారిస్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఒక లీగ్ ప్రదర్శన మ్యాచ్ ఆడాయి, 63-13తో ఆస్ట్రేలియా గెలిచింది. ఆ తర్వాత రెండు మూడు నెలల్లోనే గాలియా, 13 మంది ఆట అలవాటు లేని యూనియన్ ఆటగాళ్లని వెంటేసుకుని ఇంగ్లండ్ టూర్‌కి వెళ్లాడు. ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటే, హల్ అనే క్లబ్ మీద, గెలిచారు. స్కోర్లు చూసి నవ్వొచ్చు గానీ అతనికి కావాల్సింది గెలుపు కాదు, జనం. ఏప్రిల్‌లో ఫ్రెంచ్ లీగ్ ఏర్పడింది, అదే నెల పారిస్‌లో ఇంగ్లండ్‌తో తొలి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది, తర్వాతి సీజన్‌లో తొలి టైటిల్ కియాన్ తర్వాత అతను చేరిన సొంత క్లబ్ విల్‌నవ్ కొట్టింది. ఆట మానేశాక కుర్చీ ఎక్కే మాజీల్ని చాలామందినే చూశాం. ఇతను జెర్సీ వేసుకునే ఆఫీసు నడిపాడు! ఆటగాడిగా కంటే నిర్వాహకుడిగానే పెద్దవాడని నా లెక్క. 1939 నాటికి లీగ్‌లో 200కు పైగా క్లబ్బులున్నాయి, ఆ ఏడాది ఫ్రాన్స్ ఇంగ్లండ్‌ని వాళ్ల గడ్డ మీదే ఓడించింది.

యూనియన్ పెద్దలు మైదానంలో దీన్ని ఆపలేకపోయారు. యుద్ధం వచ్చింది, నాజీలకి లొంగిన విషీ ప్రభుత్వం వచ్చింది, ఆ ప్రభుత్వ క్రీడాశాఖలో యూనియన్ మాజీ ఆటగాడు పాస్కో కీలక స్థానంలో కూర్చున్నాడు. 1941 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వాధినేత పెటాన్ సంతకంతో లీగ్ రద్దయింది, ఆస్తులు లాగేసుకున్నారు. గాలియా పైస్థాయిలో మనుషుల్ని ఉంచుకోలేదని విమర్శించొచ్చు, కానీ ఏడేళ్ల వయసున్న సంస్థకి అంత పలుకుబడి ఎక్కడిది?

యుద్ధం అయ్యాక లీగ్ మళ్లీ లేచింది, డబ్బు మాత్రం తిరిగి రాలేదు, దశాబ్దాల పాటు రగ్బీ అనే పేరు వాడుకోనివ్వలేదు. 1949లో గాలియా చనిపోయాడు, అప్పటికి 43 ఏళ్లు. రెండేళ్ల తర్వాత ఫ్రాన్స్ లీగ్ జట్టు ఆస్ట్రేలియా వెళ్లి టెస్ట్ సిరీస్ 2-1తో గెలుచుకొచ్చింది.