తువ్వాలు వేయడానికి కిటికీ ఏదీ?

విమానం టికెట్టు కొన్నంత మాత్రాన సీటు కొన్నట్టు కాదు. ఈ సంగతి ఇంకా తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఈ మధ్య విమానం ఎక్కి ఉండరు. లేదా ఆఫీసు డబ్బుతో ఎక్కి ఉంటారు. టికెట్టు అంటే మిమ్మల్ని లోపలికి రానిస్తామన్న హామీ, అంతే. లోపల ఎక్కడ కూర్చుంటారన్నది వేరే బేరం. కిటికీ పక్కన ఒక రేటు, దారి పక్కన ఒక రేటు, మోకాళ్లు ముందు సీటుకి తగలకుండా ఉండాలంటే ఇంకో రేటు. మధ్య సీటుకి కూడా రేటు పెట్టడం చూశాక మాత్రం నాకు ఆ కంపెనీల మీద గౌరవం పెరిగిపోయింది. అటొక మోచెయ్యి, ఇటొక మోచెయ్యి, బాత్రూముకి వెళ్లాలంటే పక్కవాడి దయ. అలాంటి సరుకుని ధర కట్టి అమ్మాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి!

డబ్బు కట్టకపోతే నిలబెట్టరు లెండి. చెకిన్ సమయంలో వాళ్లే ఏదో ఒక సీటు ఉచితంగా ఇస్తారు. ఆ ఏదో ఒకటి భార్యకి ఆరో వరుసలో, భర్తకి ఇరవై ఏడో వరుసలో పడుతుంది. ఎవరి ప్రమేయమూ లేకుండా కంప్యూటరే వేస్తుందట. అదే కంప్యూటరు ఒక్కసారైనా పొరపాటున మొగుడూ పెళ్లాలని పక్కపక్కన వేసిందని మీరెవరైనా విన్నారా? చివరికి 2024 ఏప్రిల్‌లో విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ కల్పించుకుని, పన్నెండేళ్ల లోపు పిల్లలకి తల్లి పక్కనో తండ్రి పక్కనో సీటు ఇవ్వాలని ఆదేశించింది. పిల్లవాణ్ణి తల్లి పక్కన కూర్చోబెట్టండి బాబూ అని విమాన కంపెనీలకి రాతపూర్వకంగా చెప్పుకోవాల్సిన స్థితికి వచ్చాం. పదమూడేళ్లు వచ్చినవాళ్లు, డెబ్భై దాటినవాళ్లు ఎవరి దారి వాళ్లే చూసుకోవాలి.

ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో చవక విమానాల మీద సాధికారంగా మాట్లాడగల వ్యక్తి మా బావ. ఏ ఎయిర్‌లైన్ మంచిది బావా అని అడిగితే వెంటనే చెప్పేయడు. ఏ రోజు ప్రయాణం, బరువెంత, తిండి పట్టుకెళ్తావా అక్కడే తింటావా అని వైద్యుడిలా ఆరా తీస్తాడు. రాత్రి ఒంటిగంట దాటాక రేట్లు మెత్తబడతాయని ఆయన సిద్ధాంతం. ఫోన్లో ఒక యాప్, లాప్‌టాప్‌లో ఇంకో యాప్ పెట్టుకుని, ఆవలింతల మధ్య యుద్ధం చేసి, తెల్లారేసరికి "సూసినావా బావు, మూడొందలు మిగిల్చీసినాను" అంటాడు. నిజంగానే మిగులుతాయి. కాకపోతే ఆ చవక విమానం విశాఖలో పొద్దున్న ఆరింటికి లేస్తుంది. విశాఖ మాకు 150 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేళకి అందే బస్సు లేదు, రైలు లేదు. అర్ధరాత్రి కారు కట్టించుకోవాలి. మూడొందలు మిగిలిన సంతోషంలో కారుకి వేలు ఇచ్చేసి వెళ్లిపోతాం. భువనేశ్వర్ మా సొంత రాజధాని అయినా దానికి ఇంచుమించు రెట్టింపు దూరం. 1936లో ఒడిశాని వేరుచేస్తూ గీత గీసినవాళ్లు మమ్మల్ని ఒడిశాలో ఉంచి, విమానాశ్రయాన్ని ఆంధ్రాలో వదిలేశారు.

ఇంతకీ బావ ఇన్ని నిద్రలు కాచి ఎంచుకునేది ఎవరి మధ్య? 2003లో ఎయిర్ దక్కన్ వచ్చింది, రూపాయికి టికెట్టు కూడా అమ్మింది, తరవాత కింగ్‌ఫిషర్ పొట్టలోకి పోయింది. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది. జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో నేల మీద కూర్చున్నాయి. విస్తారా 2024లో ఎయిరిండియాలో కలిసింది. ఎయిరేషియా ఇండియా అదే ఏడాది ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది, ఆ ఎక్స్‌ప్రెస్ కూడా ఎయిరిండియా వాళ్లదే. దేశంలో విమానం ఎక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగోలోనే ఎక్కుతున్నారు. కాబట్టి ఎంపిక అంటే చాలావరకు ఒకటా, రెండా అని. అయినా బావ పది వడపోతలు పెట్టి వెతుకుతాడు. ఆయన పట్టుదలని నేను కాదనలేను.

సరే, ఎంచుకున్నాడు. ఇప్పుడు ఇన్సూరెన్సు అడుగుతుంది. వద్దంటే "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అన్న మీట నొక్కించే రకం సైట్లు ఉన్నాయి. ఇది నేను కల్పించింది కాదు. 2023 నవంబర్‌లో కేంద్రం వినియోగదారుల్ని మభ్యపెట్టే పదమూడు ఎత్తుల జాబితా ప్రకటించింది. అందులో సిగ్గుపడేలా చేసి ఒప్పించడం అన్న ఎత్తుకి ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇదే, అదీ విమానం టికెట్ల సైటే. జాబితా వచ్చింది, సంతోషం. సీటు రేటు మాత్రం అందులోకి రాలేదు. అది ఎత్తు కాదు, సేవ.

ఈ దుస్థితికి మా ప్రాంతంలో ఎప్పటి నుంచో ఒక పరిష్కారం ఉంది. విమానయాన శాఖ దృష్టికి తీసుకురావడం పౌరుడిగా నా బాధ్యత. దాని పేరు తువ్వాలు.

విశాఖ-గుణుపురం పాసింజర్ ప్లాట్‌ఫారం మీద పూర్తిగా ఆగక ముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తాం. పడిన చోటు మనది. ఇందులో రుసుము లేదు, జీఎస్టీ లేదు. కానీ చట్టం ఉంది, అది చాలా లోతైనది. జేబురుమాలు చెల్లుతుంది గాని తువ్వాలు ముందు నిలవదు. గొడుగు చెల్లుతుంది. దినపత్రిక చెల్లదు, ఎందుకంటే ఎవడైనా తీసి చదువుకోవచ్చు. ఒక తువ్వాలుకి ఇద్దరికి మించి చోటు పట్టరాదు, ముగ్గురికి పరిస్తే ఆ తువ్వాలు మొత్తానికే రద్దు. తడి తువ్వాలుకి ఎదురులేదు, దాన్ని తీసేవాడు ఉండడు. రెండు తువ్వాళ్లు ఒకే చోట పడితే పైనున్నదా కిందున్నదా అన్న ప్రశ్న మీద పాతపట్నం స్టేషన్లో మొదలైన వాదన టెక్కలి దాటాక కూడా తేలకపోవడం నేను చెవులారా విన్నాను. ఇరుపక్షాలూ చివరికి జీళ్లు పంచుకుని తిన్నాయి.

విమానం కిటికీలు తెరుచుకోవు కదా అని నిపుణులు అడ్డం రావచ్చు. అది చిన్న సాంకేతిక సమస్య. మెట్ల దగ్గర ఒక ఉద్యోగిని నిలబెట్టి తువ్వాళ్లు సేకరించి, వరుస ప్రకారం లోపల వేయించవచ్చు. ఏడు కిలోల చేతిసంచీ లెక్కలోంచి తువ్వాలు బరువు మినహాయించాలి. రన్‌వే మీద తువ్వాళ్లు ఎగరకుండా కొంచెం రాళ్లు ముడేయాలి. ఆ రాళ్లకి వేరే ఛార్జీ పెడతారన్న అనుమానం నాకూ ఉంది.

ఆ చట్టంలో ఇంకో నియమం ఉంది. ఎవరూ రాయలేదు, అందరికీ తెలుసు. చంటిపిల్లతో తల్లి వచ్చినా, ముసలాయన వచ్చినా, చావు కబురు విని వెళ్తున్న మనిషి వచ్చినా తువ్వాలు తీసి భుజాన వేసుకోవాలి. అక్కడ ఎంత బిగువు తువ్వాలైనా చెల్లదు. అవసరం ఎక్కువైనవాడికి చోటు ముందు దొరుకుతుంది.

విమానంలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. అవసరం ఎక్కువైనవాడికి రేటు ఎక్కువ.

మా గజపతి, గంజాం జిల్లాల కుర్రాళ్లు సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తారు. రాత్రి ఫోనొస్తుంది, నాన్న పోయాడని. రైలుకి ఒక రోజు దాటుతుంది, అప్పటిదాకా శవాన్ని ఉంచరు. విమానం చూస్తాడు. వారం కిందట బావ నవ్వుకుంటూ చూపించిన రేటు ఇప్పుడు మూడింతలు. సీట్లు పెరగలేదు, ఇంధనం పెరగలేదు, పైలట్ జీతం పెరగలేదు. పెరిగింది వాడి ఏడుపు ఒక్కటే. దానికి రేటు కట్టే యంత్రాన్ని తయారుచేసి, దానికి మార్కెట్ అని పేరుపెట్టి, అందరూ చేతులు కడుక్కున్నారు. హవాయి చెప్పులు వేసుకునేవాడు విమానంలో కనిపించాలని 2017లో ప్రధాని అన్నారు. కనిపిస్తున్నాడు. తండ్రి కొరివికి అప్పుచేసి టికెట్టు కొని, మధ్య సీట్లో ముఖం దాచుకుని కనిపిస్తున్నాడు.

ఎయిర్ కెనడాలో ఇంట్లో చావు జరిగిన వాళ్లకి తగ్గింపు రేటు ఉంది. దాని గురించి ఆ కంపెనీ చాట్‌బాట్ తప్పు సమాచారం ఇచ్చిందని 2024లో అక్కడి ట్రిబ్యునల్ ఒక ప్రయాణికుడికి డబ్బు కట్టించింది. వాళ్ల తగువు తగ్గింపు ఎలా అడగాలన్న దాని మీద. మన దగ్గర తగువు దాకా కూడా రాలేదు.

ధరలకి హద్దు పెట్టడం ప్రభుత్వానికి చేతకాదా? చేతనవును. 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా పెట్టింది. అప్పుడు కింద కూడా ఒక హద్దు పెట్టింది, పాపం కంపెనీలు నష్టపోకూడదని. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి రేట్లు పిచ్చెక్కితే 6వ తేదీన మళ్లీ పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,000 లోపు 12,000, 1,500 లోపు 15,000, ఆపైన 18,000, పన్నులు వేరు. అంటే సూట్‌కేసుల గుట్టలు టీవీలో కనిపిస్తే నాలుగు రోజుల్లో అంకెలు దొరుకుతాయి. పర్లాకిమిడిలో చాప మీద పడుకోబెట్టిన శవం టీవీలో కనిపించదు కాబట్టి దానికి అంకె దొరకదు. ఏడాది పొడవునా హద్దు పెట్టడం కుదరదని అదే నెలలో విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు లోక్‌సభలో చెప్పారు. ఏడాది పొడవునా వద్దు సార్. చావుకి వెళ్లేవాడికి పెట్టండి. కాగితం చూపిస్తాడు, లేకపోతే గుండు చూపిస్తాడు.

మంత్రిగారు ఎక్కడివారో కూడా కాదు, శ్రీకాకుళం ఎంపీ. మా ఊరి పక్కన మహేంద్రతనయ నది దాటితే వచ్చే పాతపట్నం ఆయన నియోజకవర్గంలోదే. ఆయన అక్కడికి వచ్చినప్పుడు వెళ్లి నిలదీద్దామని బావతో అన్నాను. "మనల్ని ఎవుడు రానిత్తాడు బావు? మన ఓటు బరంపురానిది" అన్నాడు.