చామంతికి నిద్రాభంగం

కడియపులంక నర్సరీలకు వెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగి రారు. భాద్రపదంలో నేనూ ఒక పచ్చ చామంతి మొక్క తెచ్చాను. కార్తీకంలో ఇంటి పువ్వులతోనే పూజ అని మా ఆవిడకు మాట కూడా ఇచ్చాను. మాట ఇవ్వడంలో నాకు ఏనాడూ ఇబ్బంది లేదు.

కుండీని బాల్కనీలో నా కుర్చీ పక్కన పెట్టాను. పైన ట్యూబు లైటు. చదువుతూ చదువుతూ కుర్చీలోనే నిద్రపోవడం నా అలవాటు కాబట్టి ఆ లైటు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది.

మొక్క పెరిగింది. ఇంకా పెరిగింది. కార్తీక పౌర్ణమి వచ్చేసరికి నా నడుము దాకా లేచింది. మొగ్గ మాత్రం లేదు. పశువుల ఎరువు వేశాను, వేపపిండి వేశాను, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్ళు పోశాను. దిష్టి తగిలిందని తేల్చి మా అత్తగారు నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కుండీకి కట్టారు. పూజకు పువ్వులు బజారు నుంచే వచ్చాయి.

చివరికి నర్సరీ అతనికి ఫోను చేశాను.

“రాత్రిపూట దాని మీద లైటు ఏమైనా పడుతోందా సార్?”

“పడుతోంది. చాలా మంచి లైటు,” అన్నాను గర్వంగా.

అతను కాసేపు మాట్లాడలేదు. “మొక్క ఎదిగేదాకా పూత రాకూడదని రాత్రిళ్ళు బల్బులు వేసేది మేము సార్. మీరెందుకు వేశారు?”

చామంతి రాత్రి పొడుగును కొలుస్తుందట. పగలు కుదించుకుపోయి రాత్రి సాగితేనే దానికి పూలకాలం. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. వెలుగులోని ఎరుపు తగిలితే అది మేలుకుంటుంది, చీకట్లో మెల్లగా సద్దుమణుగుతుంది. లెక్క ఆకుది, పువ్వు కొమ్మ కొనది. మధ్యలో కబురు మోసేదేదో ఉందని 1930లలో చైలఖ్యాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త చామంతుల మీదే ప్రయోగాలు చేసి చెప్పాడు, దానికి ఫ్లోరిజెన్ అని పేరూ పెట్టాడు. నా చామంతి ఆకులు మాత్రం మూడు నెలలుగా ఇంకా పొద్దు గూకలేదనే కబురు పంపుతున్నాయి.

లైటు తీసేయవచ్చు కదా అంటారేమో. మరి నా చదువు? అందుకని రోజూ సాయంత్రం ఆరింటికి మొక్క మీద పెద్ద నల్ల గొడుగు తెరిచి, దాని చుట్టూ నల్ల దుప్పటి కప్పడం మొదలుపెట్టాను. నిమ్మకాయా మిరపకాయలూ తీయలేదు. అత్తగారి మాట కాదనగలమా!

పది రోజులకే కింది వాటా ఆవిడ మెట్ల మీద నన్ను చూసి పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు.

సంక్రాంతి వచ్చింది, వెళ్ళింది. మొగ్గ లేదు. మళ్ళీ ఫోను చేశాను. పద్ధతి అంతా పూసగుచ్చినట్టు చెప్పి, “రోజూ అర్ధరాత్రి లేచి, దుప్పటి ఎత్తి, టార్చి వేసి అరగంట సేపు ప్రతి కొమ్మా వెతుకుతున్నాను కూడా,” అన్నాను.

ఈసారి అతను నవ్వాడు. పొడుగు రాత్రిని నడిమికి విరిస్తే మొక్క లెక్కలో అది రెండు పొట్టి రాత్రులు. మన చేలగట్ల మీది మరులమాతంగి అయితే కొద్ది నిమిషాల వెలుగుకే పూత మానేస్తుందని 1938లోనే అమెరికాలో తేల్చారు. నేను అరగంట చొప్పున దాదాపు రెండు నెలలు చామంతికి జాగారం చేయించాను.

ఆ రాత్రే మా ఆవిడ ట్యూబు ఊడదీసి, టార్చితో సహా బీరువాలో పెట్టి తాళం వేసింది. నేను మంచం మీద పడుకోవడం నేర్చుకున్నాను.

పూలు ఉగాదికి విచ్చాయి. మంచితనానికి గుర్తుగా నాలుగు కోసి కింది వాటా ఆవిడకు ఇవ్వబోయాను. ఆవిడ గుమ్మం దాటలేదు, చెయ్యీ చాపలేదు.

“ఆ పూజలోవాండీ?” అని అడిగారు.