వడియాల్లో తొమ్మిది ఎంఎం

ఇది జరిగి నాలుగు రోజులే అయింది. మా అత్తయ్యగారు ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. మా ఆవిడ ఆ మాత్రం కూడా మాట్లాడటం లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది డాలస్ పక్కన ఊరు. రెండేళ్ళుగా నెలకో ఆదివారం యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పిస్టల్ మ్యాచ్‌లకు వెళ్తున్నాను. పరిగెడుతూ అట్ట టార్గెట్లను కాల్చాలి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. నా దగ్గరికొచ్చేసరికి ఆ భాగహారంలో పైన ఏమీ ఉండదు, కింద మాత్రం బోలెడు ఉంటుంది. అత్తయ్యగారు మాత్రం నేను ఒలింపిక్స్‌కి తయారవుతున్నానని తెనాలిలో అందరికీ చెప్పి మరీ విమానం ఎక్కారు. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చింది కదా, అలాగే అన్నమాట. ఆయనది ఎయిర్ రైఫిల్ అనీ, నా ఆట అసలు ఒలింపిక్స్‌లోనే లేదనీ చెప్పబోయి ఊరుకున్నాను. అల్లుడికి ఉండే కాస్త మర్యాదను చేజేతులా ఎందుకు పోగొట్టుకోవాలి?

మ్యాచ్‌కి నూటయాభై దాకా తూటాలు అవుతాయి, ప్రాక్టీసుకి అంతకు రెట్టింపు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, వాటిలో కొత్త ప్రైమర్ (నిప్పు రగిల్చే చిన్న టోపీ), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్ళీ తూటా చేసుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. అలా చేస్తే ఏడాదికి నాలుగు వందల డాలర్లు మిగులుతాయని ఎక్సెల్ షీట్ వేసి తేల్చాను. ఆ షీట్‌లో వడియాలకు కాలమ్ లేదు.

మూడు వారాలు ఏ మెషిన్ కొనాలా అని చదివాను. ఇందులో కంపెనీలను పేరుతో కాదు, రంగుతో పిలుస్తారు. డిల్లన్ అంటే నీలం, ఆర్‌సీబీఎస్ అంటే ఆకుపచ్చ, లీ అంటే ఎరుపు. హార్నడీ కూడా ఎరుపే, కానీ ఆ ఎరుపూ ఈ ఎరుపూ ఒకటే అన్నామంటే ఇద్దరూ కలిసి మన మీదికి వస్తారు. రంగును బట్టి మనిషి ఏ పక్షమో చెప్పడం మనకేమీ కొత్త కాదు కాబట్టి ఈ భాగం నాకు సులువుగానే అర్థమైంది. కష్టమల్లా ప్రెస్, అంటే ఆ మెషిన్, రకం దగ్గరే. సింగిల్ స్టేజ్ అంటే ఇంట్లో దోసెల పెనం, ఒక్కసారికి ఒక్కటే పని. ప్రతి గొట్టాన్నీ మూడు నాలుగుసార్లు ఎక్కించి దించాలి. ప్రోగ్రెసివ్ అంటే టిఫిన్ సెంటర్ పెనం, ఒకవైపు పోస్తుంటే ఇంకోవైపు తీస్తుంటారు, హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా రాలుతుంది. కొత్తవాళ్ళు సింగిల్ స్టేజ్‌తోనే మొదలుపెట్టాలని సగం మంది అంటారు. సింగిల్ స్టేజ్ కొంటే ఆర్నెల్లలో అమ్ముకుంటావని మిగతా సగం అంటారు. ఇద్దరి మాటా నిజమేనట.

ఇక్కడ మా క్లబ్బులో ఒక పెద్దాయన గురించి చెప్పాలి. తెల్ల మీసాలు, నలభై ఏళ్ళ అనుభవం. "ఒకసారే కొను, ఒకసారే ఏడువు" అన్నది ఆయన మంత్రం. చౌకది కొని పదేపదే ఏడవడం కంటే ఖరీదైంది కొని ఒక్కసారి ఏడవడం మేలని భావం. నేను చౌకది కొన్నాను, ఇప్పుడు ఈఎంఐల్లో ఏడుస్తున్నాను. ఆయన నాకు బుల్లెట్లనీ పౌడర్‌నీ తూచే గ్రెయిన్ల గురించి నలభై నిమిషాలు చెప్పాడు. పౌనుకి 7,000 గ్రెయిన్లట. 124 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 1,010 అడుగుల వేగంతో పోతే, రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 125.24 వస్తుంది. ఈ ఆటలో తూటా బలానికి పాస్ మార్కు 125, అది దాటింది కాబట్టి పాస్. పెద్ద మ్యాచ్‌లలో మన తూటాలు తీసుకుని వేగం కొలుస్తారు, 125 రాకపోతే ఆడనిస్తారు గానీ స్కోరు ఇవ్వరు. మా నాయనమ్మ బంగారాన్ని గురివింద గింజలతో తూచిన రోజుల గురించి చెప్పేది. ఒక గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్ల ఎత్తు. అంటే నేను మా నాయనమ్మ తక్కెడ దగ్గరికే తిరిగొచ్చానన్నమాట, కాకపోతే డిజిటల్ డిస్‌ప్లేతో.

ఇన్ని చెప్పిన మహానుభావుడు, చివర్లో తన గరాజ్‌లో పడి ఉన్న పాత తొమ్మిది ఎంఎం (నా పిస్టల్ తూటా సైజు) డైల పెట్టె తెచ్చి, "కొత్తవి ఎందుకు, పది డాలర్లు ఇవ్వు చాలు" అన్నాడు. డై అంటే ఉబ్బిన గొట్టాన్ని మళ్ళీ సైజుకి నొక్కే ఉక్కు అచ్చు. ఇందులో రెండు రకాలు. లోపల కార్బైడ్ రింగు ఉన్నవాటిలో పిస్టల్ గొట్టాన్ని పొడిగానే నొక్కేయొచ్చు. మామూలు ఉక్కువైతే ప్రతి గొట్టానికీ లూబ్, అంటే జారుడు నూనె, రాయాలి, లేకపోతే లోపల బిగుసుకుపోతుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. ఆ నలభై నిమిషాల్లో ఆయనకి ఈ ఒక్క వాక్యం చెప్పే తీరిక దొరకలేదు.

సరే, శనివారం వచ్చింది. మడత బల్ల గరాజ్‌లో వేసి, ఒక చివర కొత్త సింగిల్ స్టేజ్ ప్రెస్‌ని రెండు సీ-క్లాంపులతో బిగించాను. "బరువైన వర్క్‌బెంచ్‌కి బోల్టులతో బిగించవలెను" అని పుస్తకంలో ఉంది. ఎక్సెల్‌లో వర్క్‌బెంచ్ లేదు. బల్ల రెండో చివర మూతలేని అట్టపెట్టెలో ఆర్నెల్లుగా ఏరి తెచ్చిన ఎనిమిది వందల ఖాళీ గొట్టాలు. అత్తయ్యగారు వచ్చి, ప్రెస్‌ని ఓసారి ఎగాదిగా చూసి, "జంతికల గొట్టంలా ఉంది బాబూ, ఇది అమెరికాలో ఎంతండీ?" అన్నారు. సగం ధర చెప్పాను.

ఆవిడ ఆ పూటే వడియాలు పెట్టారు. బూడిద గుమ్మడికాయ ఇండియన్ స్టోర్‌లో దొరికింది, మినప్పప్పు రాత్రే నానేశారు. వాకిట్లో ఎండబెడదామంటే మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ఒప్పుకోరు. పోయినసారి గుడ్డ మీద మిరపకాయలు ఆరబెడితే "వీధికి కనబడేలా వస్తువులు పరచరాదు" అని ఫొటోతో సహా ఉత్తరం పంపారు. అందుకని గరాజ్ తలుపు పైకెత్తి, ఎండ లోపలికి పడినంత మేర పాత పంచె పరిచి, దానిమీద మూడొందల వడియాలు వరుసలు తప్పకుండా పెట్టారు. ఆ పంచె సరిగ్గా నా బల్ల రెండో చివర కిందనుంచి మొదలైంది.

నేను మొదటి గొట్టాన్ని పెట్టి హ్యాండిల్ కిందికి నొక్కాను. గొట్టం డైలోకి వెళ్ళింది. హ్యాండిల్ పైకెత్తాను. గొట్టం రాలేదు. ఇంకొంచెం బలంగా ఎత్తాను. బల్ల లేచింది.

ఇక్కడ కాస్త ఆగి భౌతికశాస్త్రం చెప్పుకోవాలి. హ్యాండిల్ పైకెత్తితే గొట్టం కిందికి దిగాలి. గొట్టం డైని వదలదు, డై ప్రెస్‌ని వదలదు, ప్రెస్ బల్లని వదలదు, నేను హ్యాండిల్‌ని వదలను. కాబట్టి నావైపు బల్ల అడుగు ఎత్తు లేచి, రెండోవైపు కిందికి వాలింది. అట్టపెట్టె మెల్లగా జారి, అంచు దగ్గర, సగం గాల్లో సగం బల్లమీద ఆగింది. బల్లని ఒక్కసారిగా వదిలితే పెట్టె ఎగిరి పడుతుంది. మెల్లగా దించుదామంటే నేను అప్పటికే గోడకుర్చీ వేసినవాడిలా వంగి ఉన్నాను, తొడలు వణుకుతున్నాయి. చిన్నప్పుడు ఎక్కం రాకపోతే మాస్టారు వేయించిన గోడకుర్చీకీ దీనికీ ఒక్కటే తేడా, అప్పుడు ఎదురుగా వడియాలు లేవు.

సరిగ్గా అప్పుడే మా వీధి పెద్దమనిషి, హెచ్‌ఓఏ కమిటీ మెంబరు, కుక్కతో సహా మా డ్రైవ్‌వే ముందు ఆగాడు.

"హే, హౌ ఆర్ యూ?"

ఈ దేశంలో ఈ ప్రశ్నకి జవాబు ఒక్కటే. ఇల్లు తగలబడుతున్నా అదే చెప్పాలి. "గుడ్! హౌ ఆర్ యూ?" అన్నాను, బల్ల ఎత్తి పట్టుకునే. ఆయన కూడా గుడ్డేనట. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. అవునన్నాను. వచ్చేవారం ఇంకా పెరుగుతుందట. అలాగా అన్నాను. పంచె వైపు చూసి అదేమిటని అడిగాడు. వడియాన్ని ఇంగ్లీషులో ఏమంటారో జన్మలో తొలిసారి, చేతుల్లో బల్లతో, ఆలోచించాల్సి వచ్చింది. "సన్ డ్రైడ్..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. కుక్క వడియాల వాసన చూసి ఒక అడుగు ముందుకేసింది. సాయం చేయమంటావా అని అడుగుతాడేమోనని చూశాను. "హ్యావ్ ఎ గుడ్ వన్" అని ఆయన కదిలాడు, జేబులోంచి ఫోన్ తీస్తూ.

ఆ కోపంలో హ్యాండిల్‌ని ఒక్క ఊపు ఊపాను కాబోలు. టప్ మని చప్పుడైంది. గొట్టం అడుగున ఉండే అంచు ఊడి చేతికొచ్చింది. గొట్టం మాత్రం డైలోనే ఉండిపోయింది. పట్టు తప్పిన బల్ల ధనామని కింద పడింది, అట్టపెట్టె పల్టీ కొట్టింది.

ఎనిమిది వందల ఇత్తడి గొట్టాలు ఒకేసారి కిందపడితే వచ్చే చప్పుడు పెళ్ళిలో తలంబ్రాలు పోసినట్టు ఉంటుందని ఎవరైనా రాస్తే నమ్మకండి. గుడి గంటలన్నీ కట్టకట్టి బావిలో పడేసినట్టు ఉంటుంది. సగానికి పైగా గరాజ్ నేలమీద దొర్లాయి. మిగతావి తడి వడియాల్లో దిగాయి. కొన్ని నిటారుగా, నోరు పైకి పెట్టి, ప్రమిదల వరుసలాగా నిలబడ్డాయి. ఒక వడియంలో మూడు గుచ్చుకున్నాయి.

అత్తయ్యగారు గరిటెతో సహా బయటికొచ్చారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కడిగి మళ్ళీ పెడదామా బాబూ?" అన్నారు. కడగడానికి లేదండీ, కాల్చిన గొట్టాల్లో ప్రైమర్ మసి ఉంటుంది, అందులో సీసం ఉంటుంది, తినే వస్తువుని తాకితే పారేయాల్సిందే అని చెప్పాల్సి వచ్చింది. "మరి అంత విషాన్ని ఇంట్లో ఎందుకు పెట్టారండీ?" అన్నారావిడ. ఈ ప్రశ్న ఆ మూడు వారాల్లో నేను చదివినవాటిలో ఎక్కడా రాలేదు.

పెద్దాయనకి ఫోన్ చేస్తే పది నిమిషాలు నవ్వి, "లూబ్ రాయలేదా? అది అందరికీ తెలిసిందే కదా" అన్నాడు. అందరిలో నేను లేనని పది డాలర్లు తీసుకునేటప్పుడు తెలియలేదు కాబోలు.

ఆ సాయంత్రం మొహానికి మాస్కు, చేతులకి గ్లవుజులు తొడుక్కుని గొట్టాలు ఏరుతుంటే, అత్తయ్యగారు కూడా తనకో జత గ్లవుజులు ఇమ్మని వచ్చి పీట వేసుకున్నారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చకచకా ఏరి, ఓ పక్కన చిన్న కుప్ప పోశారు. "ఇవి పొట్టివి బాబూ, వీటిలో కలవవు" అన్నారు. చూస్తే అన్నీ .380 అనే ఇంకో రకం పిస్టల్ తూటా గొట్టాలే. తొమ్మిది ఎంఎం గొట్టం పొడవు 19 మిల్లీమీటర్లు, ఇది 17. ఆర్నెల్లుగా కాలిపర్ పట్టుకుని నేను ఏరిన పెట్టెలో అలాంటివి నలభై ఒకటి ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

నిన్న హెచ్‌ఓఏ ఉత్తరం వచ్చింది. గరాజ్ తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచినందుకట. ఫొటో జతచేశారు. అందులో నేను బల్ల ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాను. డై ఇంకా ప్రెస్‌లోనే ఉంది, గొట్టం ఇంకా డైలోనే ఉంది. దాన్ని బయటికి తీసే కిట్ వేరే కొనాలట, డ్రిల్లు మాత్రం అందులో రాదట.