రిటైరయ్యే తేదీ ముందే తెలుసుగా!

రైల్వేలో చేరిన రోజే ఉద్యోగి పుట్టిన తేదీ సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. బోర్డు చైర్మన్ అయినా, సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచే కీమ్యాన్ అయినా ఎప్పుడు దిగిపోతారో దశాబ్దాల ముందే లెక్క తేలుతుంది. అయినా వారసుల విషయంలో మన రైల్వేకు ప్రతిసారీ ఆఖరి నిమిషం హడావుడే.

2021 జనవరిలో సునీత్ శర్మ బోర్డు పగ్గాలు అందుకున్నారు. ఏడాదికి వినయ్ కుమార్ త్రిపాఠీ, మరో ఏడాదికి అనిల్ కుమార్ లాహోటీ వచ్చారు. ఎనిమిది నెలలకే ఆయన స్థానంలోకి జయవర్మ సిన్హా. నెల తిరిగేసరికి ఆమె సర్వీసు ముగుస్తుంటే, తిరిగి నియమించి 2024 ఆగస్టు ఆఖరుదాకా ఉంచారు. సుమారు 12 లక్షల మంది పనిచేసే సంస్థకు మూడేళ్ల ఎనిమిది నెలల్లో నలుగురు అధిపతులు! వీరి సామర్థ్యాన్ని మేం శంకించడం లేదు. కుర్చీలో కుదురుకునేలోపే వీడ్కోలు శాలువా సిద్ధమవుతుంటే ఎంతటివారైనా ఏం చేయగలరు?

ఢిల్లీ మెట్రోను చూడండి. 1997 నుంచి 2011 చివరిదాకా దాని అధిపతి శ్రీధరన్. ఆ తర్వాత, తొలినాళ్ల నుంచీ ఆయన దగ్గరే పనిచేసిన మంగూ సింగ్ 2022 మార్చి వరకు. ఇద్దరూ రైల్వే సర్వీసు నుంచి వెళ్లిన ఇంజినీర్లే కావడం గమనార్హం. రైల్వేకు మనుషుల కొరత లేదన్నమాట.

పై అధికారుల నియామక విధానమూ నిలకడగా లేదు. రైల్వే అధికారుల ఎనిమిది సర్వీసులను కలిపి ఒకటి చేయాలని 2019 డిసెంబరులో కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. సివిల్స్ పరీక్షతోనే భర్తీ అన్నారు. 2024లో మళ్లీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష వైపు మళ్లారు.

అసలు ప్రమాదం కింది స్థాయిలో ఉంది. 2023 జూన్ 2న బాలాసోర్ వద్ద 290 మందికి పైగా బలైన దుర్ఘటనపై భద్రతా కమిషనర్ ఇచ్చిన నివేదిక చదివితే గుండె కలుక్కుమంటుంది. సిగ్నల్ పెట్టెలోని వైర్లకు తప్పుడు లేబుళ్లున్నాయి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2022 మేలో, బాలాసోర్ ఉన్న ఖరగ్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే ఇలాంటి పొరపాటే జరిగింది. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే ఈ ఘోరం తప్పేదని నివేదిక తేల్చింది. పెద్దల మార్పిడి వల్లే ఇలా జరిగిందని మేం అనం. కానీ ఒకచోట నేర్చిన పాఠం పక్క స్టేషన్‌కు, పాత మనిషి నుంచి కొత్త మనిషికి చేరే దారి లేదని మాత్రం తేలిపోయింది.

సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణనిచ్చే ఇరిసెట్ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. అయితే ఏ వానకు ఏ కట్ట కుంగుతుందో, ఏ పెట్టెలో పాత మరమ్మతు దాగి ఉందో తరగతి గదిలో చెప్పేది కాదు. రిటైరయ్యేవాడి వెంట నడిచి తెలుసుకోవాల్సిందే. సిగ్నల్, ట్రాక్ సూపర్‌వైజర్ల పక్కన కనీసం మూడు నెలల ముందే వారసులను వేయాలి. చైర్మన్‌కు, జోన్ల జీఎంలకు రెండేళ్ల కచ్చితమైన గడువుండాలి. ఒక పోస్టులో ఇద్దరికి జీతమెలా అని ఆర్థిక విభాగం అడ్డుపడొచ్చు. ఒక్క ప్రమాదానికి చెల్లించే పరిహారంతో పోలిస్తే అదెంత? విశాఖ కేంద్రంగా కొత్తగా రూపుదిద్దుకుంటున్న దక్షిణ కోస్తా జోన్‌లో ఈ పద్ధతిని మొదటి రోజు నుంచే అమలు చేయవచ్చు. అక్కడ మార్చాల్సిన పాత అలవాట్లు కూడా తక్కువే.