బటన్లు తగ్గిస్తే కష్టం తగ్గినట్టేనా?

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఓ టీవీ రిపేర్ దుకాణం. వాదించేది ఇద్దరు: ఆ దుకాణం నడిపే కాక (బాబాయి), ఆయన అన్న కూతురు. ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొడక్ట్ డిజైన్ చెప్తుంది, కాకకు మాత్రం "బిడ్డ". కౌంటర్ మీద రెండు రిమోట్లున్నాయి. ఒకటి పాతది, నలభై పైచిలుకు బటన్లు. ఇంకోటి కొత్త స్మార్ట్ టీవీది, పదో పన్నెండో బటన్లు, ఒక మైకు. ముసలివాళ్లకూ చూపు లేనివాళ్లకూ ఏది నయం అన్నది తగువు.

కాక: ఇందులో వాదించడానికేముంది బిడ్డా? ఇన్నేళ్లూ అందరూ తిట్టింది ఈ పాత రిమోట్‌నే. "టీవీ ఖరాబైంది, నో సిగ్నల్ అంటోంది" అని ఫోన్ చేస్తారు. పోయి చూస్తే, పవర్ నొక్కబోయి పక్కనున్న సోర్స్, అంటే బొమ్మ ఎక్కణ్ణుంచి రావాలో మార్చే బటన్, నొక్కి ఉంటారు. ఆ ఒక్క బటన్ సరిచేసి విజిటింగ్ చార్జి అడగాలంటే నాకే సిగ్గయితది. కొత్తదానికి ఆ పరేషాన్ లేదు. మైకు నొక్కి "బతుకమ్మ పాటలు" అంటే వచ్చేస్తాయి. చదువు రాని మా అత్తమ్మ కూడా వాడుతోంది.

బిడ్డ: అది బటన్లు ఎక్కువవడం వల్ల వచ్చిన తిప్పలు కాదు కాకా. సోర్స్‌ను పవర్ పక్కనే, అదే సైజులో, అదే ఆకారంలో పెట్టినవాళ్ల తప్పు. సరే, కళ్లు మూసుకుని ఈ పాతది పట్టుకో. 5 మీద వేలు పెట్టు.

కాక: చిన్న బొడిపె ఉంటది. తెలుసు.

బిడ్డ: అది దొరికితే పైన 2, కింద 8, అటూ ఇటూ 4, 6. చూపు లేని మనిషికి అంకెలన్నీ దొరికినట్టే. తను చూసే ఛానల్ నంబర్ గుర్తుంటుంది, నొక్కితే వచ్చేస్తుంది. కొత్తదాంట్లో అంకెలే లేవు. బాణాలు నొక్కుకుంటూ మెనూలో వెతుక్కోవాలి. రిమోట్ మీది పనంతా తెర మీదికి మార్చారు. ఆ తెరే కనిపించని మనిషికి ఏం మేలు చేసినట్టు?

(నా లెక్కలో ఈ తగువుకు అసలు ముడి ఇక్కడే ఉంది. సన్నగా, నున్నగా ఉన్న రిమోట్ చూడగానే సులువనిపిస్తుంది. ఆ సులువు చూపున్నవాళ్లకే.)

కాక: తెర మాట్లాడుతది కదా! ఆండ్రాయిడ్ టీవీలో టాక్‌బ్యాక్ ఉంది. బాణం ఏ పేరు మీదికి పోతే ఆ పేరు పైకి చదువుతది.

బిడ్డ: మంచి సదుపాయమే. కానీ ఎక్కడుంది? సెట్టింగ్స్ లోపల. తెర చదివి పెట్టేదాన్ని ఆన్ చేయాలంటే ముందు తెర చూడాలి. రెండు బటన్లు కలిపి కాసేపు నొక్కి పట్టుకుంటే ఆన్ అయ్యే టీవీలూ ఉన్నాయి. టీవీ బిగించడానికి పోయినప్పుడు ఎవరికైనా చెప్పావా?

కాక: అడిగితే చెప్తా. ఎవరూ అడగరు.

బిడ్డ: ఉందని తెలిస్తే కదా అడిగేది! అమెరికాలో 2010లో చట్టం చేసి, క్యాప్షన్లలాంటివి (మాటల్ని తెర మీద అక్షరాల్లో చూపేవి) మెనూల అడుగున పడిపోకుండా ఒక బటన్ నొక్కినంత సులువుగా దొరకాలని రూల్ తెచ్చారు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ కూడా రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరికీ పనికొచ్చే డిజైన్‌లో దొరకాలనే అంటుంది.

కాక: నువ్వే చూపించినవ్ కదా. అందుకు ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఉంది. కంపెనీ మెడ పట్టుకునే మాట ఆ సెక్షన్‌లో ఏది? పైగా టీవీ కొనేవాళ్లు తెర సైజు, రేటు చూస్తారు. రిమోట్‌ను చేతిలోకి తీసుకుని చూసినవాణ్ని నేనింకా చూడలేదు. అమ్ముడుపోనిదానికి ఖర్చెవరు పెడతారు?

బిడ్డ: ఖర్చంటున్నావు. రిమోట్ విప్పితే లోపల బటన్లు విడివిడిగా ఉంటాయా?

కాక: ఉండవు. అంతా ఒకే రబ్బరు షీటు. ఒక్కో బటన్ కింద నల్లగా కార్బన్ బిళ్ల. అది బోర్డుకు ఆనితే పని చేస్తది. మా దగ్గరికొచ్చేవాటిలో వాల్యూమ్‌దే ముందు అరిగిపోతది.

బిడ్డ: షీటు ఒకటే, అచ్చూ ఒకటే. అచ్చు చేసేటప్పుడే వాల్యూమ్ పొడుగ్గా, ఛానల్ గుండ్రంగా పెట్టి, సోర్స్‌ను కాస్త లోతుగా దించితే ఎంత పెరుగుతుంది?

కాక: సరే, అది వదిలెయ్. నా అసలు ప్రశ్నకు జవాబు చెప్పు. చూపు లేనాయనకు అంకెలు కావాలంటున్నావు. చేతులు వణికే ముసలమ్మకు ఆ అంకెలే గండం, ఒకటి నొక్కబోతే రెండు పడతాయి. ఆమెకు పెద్ద బటన్లు కావాలి, తక్కువ కావాలి. ఇద్దరికీ ఒకే రిమోట్ ఎట్ల సరిపోతది? అందుకే నేను పెద్ద బటన్ల లెర్నింగ్ రిమోట్ ఇస్తా. ఇంట్లో ఉన్న రిమోట్‌ను దానికి ఎదురుగా పెట్టి ఆన్, వాల్యూమ్, ఛానల్ ఒక్కొక్కటే నేర్పిస్తా. టీవీకొకటి, సెట్‌టాప్ బాక్స్‌కొకటి అనే గోల కూడా పోతది.

(ఇక్కడ కాకదే పైచేయి. ఒకే వస్తువు అందరికీ కుదరాలనే పట్టుదల చాలాసార్లు ఎవరికీ కుదరని వస్తువు దగ్గర ఆగుతుంది.)

బిడ్డ: ఒప్పుకుంటా, ఆమెకు నీ రిమోటే మేలు. నేను వద్దనేది, అలాంటివి ఉన్నాయి కదా అని, మైకు ఉంది కదా అని మామూలు రిమోట్‌లో చేతికి తెలిసేవన్నీ తీసెయ్యడం. నెట్ లేకపోతే మైకు దండగ. పక్షవాతం వచ్చి మాట ముద్దగా వచ్చేవాళ్లు దానితో ఏం చెప్పుకుంటారు? మేడారం జాతర లైవ్ నడుస్తుంటే, ఇంటినిండా చుట్టాలుంటే అది ఎవరి మాట వింటుంది?

కాక: చుట్టాలుంటే రిమోట్ మన చేతికే రాదు, ఇంక మైకెక్కడిది!

బిడ్డ: నవ్వు సరే, ఇది చూడు. నువ్వు ప్రతి రిమోట్‌కూ తొడిగే ఈ ప్లాస్టిక్ కవర్. ఇప్పుడు 5 వెతుకు.

కాక: దుమ్ము లోపలికి పోకుండా వేస్తాం... ఏదీ... ఊహూఁ, తెలుస్తలేదు. పోనీ, కవర్ మీద రాళ్ల బొట్టుబిళ్ల అంటించి ఇస్తా. పవర్ మీద.

బిడ్డ: పవర్ మూలనుంటుంది, తడిమితే దొరుకుతుంది. 5 మీద అంటించు.

కాక: మరి కొత్తదానికి ఎక్కడ అంటించాలె, 5 లేదు కదా? చాలా స్మార్ట్ టీవీలకు ముందు ఐఆర్ కన్ను, అంటే పాత రకం రిమోట్ సిగ్నల్ అందుకునేది, ఇంకా ఉంటది. దానికి సరిపోయే అంకెల రిమోట్ విడిగా తెప్పించుకోవచ్చు. కానీ డబ్బులు కస్టమరే పెట్టుకోవాలి.

బిడ్డ: టీవీ డబ్బాలోనే పెట్టి ఇమ్మను.

కాక: నేనెవర్ని ఇమ్మనడానికి? కంపెనీకి నువ్వు రాయి, చదువుకున్నదానివి.

బిడ్డ: లెక్చరర్ రాస్తే పక్కన పడేస్తారు. టీవీలమ్మే డీలర్లు అడిగితే వింటారు. వాళ్లంతా నీకు తెలిసినవాళ్లే.

కాక: సరే, డీలర్ చెవిన వేస్తా. పని అయితదని మాత్రం మాటియ్యను.